పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రివర్యుల సముఖానికి,

నారాయణపేట ప్రాంతంలోని ఒక గ్రామ గొర్రెల పెంపకందారుల సహకార సంఘం సభ్యులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: గొర్రెల కడుపులోని నట్టలకు కాపరులు వాడే చెట్టుమందులను జీవాల మీదనే పరీక్షించి, ఏది పనిచేస్తుందో ఏది చేయదో మోతాదుతో సహా తేల్చి చెప్పాలనీ, మండలానికొక చోటైనా పెంటికల పరీక్ష అందుబాటులోకి తేవాలనీ కోరడం గురించి.

ఆర్యా,

మేము కురుమలం, గొల్లలం. మా ఊళ్లో నల్ల దక్కని గొర్లున్న మందలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి ఉన్నితో నేసిన గొంగడి కప్పుకునే పెద్దలూ కొందరు మిగిలి ఉన్నారు. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల సంఖ్య 1 కోటి 90 లక్షలు దాటి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 1 కోటి 76 లక్షలతో ఆంధ్రప్రదేశ్ మన వెనకే ఉంది. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే మేస్తున్నాయి. గొర్ల లెక్క ఇంత కచ్చితంగా ఉంది గానీ, వాటి కడుపుల్లో బతికే జీవాల లెక్క మా మండలంలో ఎవరి దగ్గరా లేదు. ఈ కాగితంలో మేము అడిగేదంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

పోయిన వానాకాలం ముసురు పట్టి పది రోజులు వదల్లేదు. తెరపిచ్చాక మూడు నాలుగు వారాలకు మా సంఘంలోని ఒక సభ్యుని మందలో పిల్లలు వెనకబడటం మొదలైంది. పొద్దున దొడ్డి విప్పితే మంద సాగిపోయేది, ఐదారు పిల్లలు మాత్రం దారిలోనే తల వేలాడేసి నిలబడేవి. పారుడు లేదు, ఒళ్లు కాలడం లేదు. దవడ కింద నీళ్లు దిగి సంచిలా వేలాడేది. పొద్దంతా మేసి వచ్చేసరికి ఆ వాపు పెరిగేది, తెల్లారేసరికి కొంత తగ్గేది. ఆయన షాపు నుంచి మందు డబ్బా తెచ్చి మందంతటికీ తాగించాడు. నాలుగు రోజుల్లో మూడు పిల్లలు పోయాయి. చివరిదాన్ని కోసి నాలుగో పొట్ట విప్పితే, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టున్న సన్నటి పురుగులు లోపలి గోడనిండా అతుక్కుని ఇంకా మెసులుతున్నాయి. మందు తాగి నాలుగు రోజులైన పిల్ల కడుపులో అవి అట్లా మెసలడం చూసిన రోజే ఈ వినతిపత్రం రాయాలనుకున్నాం.

పశువైద్యులు ఈ పురుగును హీమాంకస్ అంటారు. మేము అన్నిటినీ కలిపి నట్టలు అనేస్తాం, పేగు పురుగులనీ అంటాం. నిజానికిది పేగులో కాదు, నాలుగో పొట్టలో ఉంటుంది. ఒక్కో పురుగు వల్ల రోజుకు 0.05 మిల్లీలీటరు రక్తం పోతుంది. వినడానికి అదొక లెక్కే కాదు. కానీ పురుగులు వెయ్యి ఉంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి రమారమి రెండు లీటర్లే. ఆడపురుగు రోజుకు 5,000 నుంచి 10,000 దాకా గుడ్లు పెడుతుంది. పెంటికతో బయటపడ్డ గుడ్డు వెచ్చదనమూ తడీ దొరికితే వారం రోజుల్లో కంటికి కనిపించని పిల్లపురుగై, మంచు తడిలో గడ్డిపోచ మీదికి పాకుతుంది. ఆ పోచను గొర్రె కొరికాక మూడు వారాలకు కడుపులో మళ్లీ గుడ్లు మొదలు. మంచు ఆరేదాకా మందను విప్పొద్దని మా తాతలు ఎందుకన్నారో ఈ సంగతి తెలిశాకే మాకు అర్థమైంది. వాళ్లు పురుగును చూడలేదు, పద్ధతిని మాత్రం పట్టుకున్నారు.

డబ్బా మందు ఎందుకు తప్పింది? ఇందులో మా తప్పును దాచుకోము. నూరు గొర్లకు సరిపోయే మందు తెచ్చి నీళ్లు కలిపి నూటయాభైకి తాగించిన రోజులున్నాయి. బరువు తూచే అలవాటు మాకు లేదు, కంటి అంచనాయే. మేకకూ గొర్రెకూ ఒకటే కొలత పోశాం. మేక ఒంట్లో ఈ మందు తొందరగా కరిగిపోతుందనీ, దానికి ఎక్కువ మోతాదు కావాలనీ చాలా ఆలస్యంగా తెలిసింది. పేరు మారినా లోపల అదే జాతి మందున్న డబ్బాలను ఏళ్ల తరబడి మార్చి మార్చి వాడి, మందులు మారుస్తున్నామనుకున్నాం. అరకొర మోతాదుకు చావకుండా మిగిలిన పురుగే తర్వాతి సంతానానికి తల్లవుతుంది. ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. మేము వాడుతున్న మందుల జాతిలో మొదటిది థయాబెండజోల్, అది 1961లో బజారుకు వచ్చింది. దానికి లొంగని గొర్రె నట్టలు బయటపడ్డాయన్న సంగతి 1964 నాటికే పశువైద్య పత్రికల్లోకి ఎక్కింది. మూడేళ్లు! ఇప్పుడు మా చేతుల్లో ఉన్న ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ దాని తమ్ముళ్లే.

ఇక చెట్టుమందుల సంగతి. మా సంఘంలో డెబ్బై దాటిన పెద్దలు నలుగురున్నారు. వాళ్లను కూర్చోబెట్టి నాలుగు సాయంత్రాలు అడిగి రాసుకున్నాం. నలుగురూ ముందు చెప్పిన పేరు మోదుగ గింజ. కాయకొక్కటే ఉంటుంది, కొసన, పలచగా, ఎర్రమట్టి రంగులో. ఎండాకాలంలో రాలినవి ఏరి, పొట్టు తీసి, రాత్రి నానబెట్టి, పొద్దున మెత్తగా నూరి బెల్లం నీళ్లతో పరగడుపున గొట్టంతో తాగిస్తారు. మరిగించొద్దని నలుగురూ ఒకే మాట. ఇద్దరు వాయువిడంగాలు చెప్పారు, అవి మా బంచరాయిలో దొరకవు, అంగడిలో కొనాలి. బద్దెపురుగులకు పోకచెక్క పొడి, గుమ్మడి గింజలు, దానిమ్మ వేరు పట్ట. వేపాకూ ఎల్లిగడ్డా అందరూ చెప్పారు, గట్టిగా ఎవరూ చెప్పలేదు. అందరికన్నా పెద్దాయన మాత్రం మందు సంగతి పక్కనబెట్టి, "తుమ్మకాయ మేసిన మందకు నట్టలు తక్కువ" అని ఊరుకున్నాడు. ఆ మాటను మేము మొదట పట్టించుకోలేదు.

మోదుగ తాగించి బతికించుకున్న మంద గురించి ఆయనే చెబుతుంటే మేము అడిగాం. "మరి పెద్దయ్యా, గొర్లు బతికింది గింజతోనా, ముసురు పోయి ఎండ కాసినందుకా?" ఆయన చుట్ట ఆర్పి, "అది నాకేం ఎరుక బిడ్డా, బతికినయ్" అన్నాడు. అయ్యా, మీ దగ్గరికి మేము తెచ్చింది ఆ ప్రశ్నే. జవాబు మా దగ్గర లేదు. చెట్టుమందును దేవుడి మందని మొక్కేవాళ్లున్నారు, నాటుమందని నవ్వేవాళ్లున్నారు. ఇద్దరిలో ఎవరూ పెంటికను భూతద్దం కింద పెట్టి చూడలేదు.

చెట్టు నుంచి వచ్చిందల్లా మేలు చేసేదేనని మేము అనడం లేదు. మా సంఘంలోనే ఒకాయన పొగాకు కాడలు మరిగించి ఆ నీళ్లు తాగించాడు. గడియలో నాలుగు గొర్లు వణికి కిందపడి చచ్చాయి. పొగాకులోని నికోటిన్ పురుగును చంపుతుంది, గొర్రెనూ చంపుతుంది, రెండు మోతాదులకూ మధ్య ఎడం బహు తక్కువ. పాత రోజుల్లో మైలుతుత్తం నీళ్లు తాగించేవాళ్లు. పశువులన్నిటిలోకీ రాగిని తట్టుకోలేనిది గొర్రేనని ఇప్పుడు చదివి తెలుసుకున్నాం. జిల్లేడు పాలలో గుండెను ఆపే విషాలున్నాయి. సీతాఫలం గింజ కంట్లో పడితే కన్ను పాడవుతుంది. మోదుగ గింజ విషయంలోనూ ఒక భయం ఉంది. సూడి గొర్రెకు ఇవ్వొద్దని పెద్దలన్నారు. ఆయుర్వేదంలో ఆ గింజకు గర్భం నిలవనివ్వదనే పేరుంది, ఎలుకల మీద చేసిన పరీక్షల్లోనూ ఆ గుణం కనబడింది. డబ్బా మందూ ఈ విషయంలో పెద్ద సుద్దపూస కాదు. సూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ తాగిస్తే పిల్లలు అవిటివి పుట్టే ప్రమాదముంది. క్లోసాంటెల్ మోతాదు మీరితే గొర్రెకు చూపు పోతుంది. రెంటినీ ఒకే తక్కెడలో పెట్టి తూచమంటున్నాం.

చదువుకున్నవాళ్లు ఇంతవరకు ఏం తూచారో మాకు చేతనైనంత వెతికించాం. మా సంఘం సభ్యుని కూతురు పశువైద్య డిప్లొమా చదువుతున్నది, ఆ బిడ్డే చదివి చెప్పింది. మన దేశంలో చెట్టుమందులు నట్టలను చంపుతాయంటూ వచ్చిన పరిశోధనా పత్రాల్లో చాలావాటిలో పరీక్ష జరిగింది వానపాముల మీదట. గాజు పళ్లెంలో ఆకు రసం పోసి, అందులో వానపాము వేసి, ఎన్ని నిమిషాలకు కదలడం మానిందో గడియారం చూసి రాస్తారు. మేము నవ్వాపుకోలేకపోయాం. వానపాము మట్టిలో బతికే రైతు నేస్తం, గొర్రె కడుపులో రక్తం తాగేది కాదు. ఇంకొన్ని పరీక్షల్లో నట్టల గుడ్లనే తెచ్చి పళ్లెంలో రసం పోసి చూశారు. అది కొంత నయం. అయినా పళ్లెం వేరు, గొర్రె మొదటి పొట్ట వేరు. అక్కడ లీటర్ల కొద్దీ నెమరు మేతలో మందు కలిసి, పులిసి, పలచబడి, నాలుగో పొట్టకు చేరేసరికి ఎంత మిగులుతుందో పళ్లెం చెప్పదు.

గొర్రె మీదనే చేసిన పరీక్షలూ ఉన్నాయి. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఇరవై ఏళ్ల కిందట మోదుగ గింజల పొడిని నట్టలున్న గొర్రెలకు తాగించి, ముందూ తర్వాతా పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టారు. కిలో బరువుకు 3 గ్రాముల చొప్పున ఇచ్చినప్పుడు పది రోజులకు గుడ్లు నూటికి డెబ్బై పైచిలుకు తగ్గాయి, ఎనభైకి చేరలేదు. మందు బాగా పనిచేసిందనాలంటే నూటికి 95 తగ్గాలని పశువైద్యుల కొలత. అంటే మోదుగ నెగ్గలేదు, ఓడనూ లేదు.

ఆ లెక్కను మా మందకు కట్టి చూసుకున్నాం. 30 కిలోల గొర్రెకు 90 గ్రాముల పొడి. నూరు గొర్లకు 9 కిలోలు. అంత గింజ ఏరాలంటే ఎన్ని చెట్లు తిరగాలో మోదుగ కింద వంగి ఏరినవాళ్లకే తెలుసు. మా పెద్దలు ఇచ్చేది గొర్రెకు చారెడు. తూకం వేయిస్తే 30 గ్రాములు కూడా తూగలేదు. దీన్నిబట్టి మాకు రెండు అనుమానాలు. మూడో వంతు మోతాదుతో మా పెద్దలు మోసపోయి ఉండాలి, లేదంటే నానబెట్టి నూరి పరగడుపున ఇవ్వడంలో పొడికి లేని గుణమేదో ఉండాలి. తయారుచేసే తీరును బట్టి మందు గుణం మారుతుందన్నది గాలిమాట కాదు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ మలేరియాకు మాచిపత్రి జాతి మొక్క నుంచి మందు తీసినప్పుడు, వేడి చేస్తే గుణం పోతోందని గుర్తించి చల్లని పద్ధతికి మారాకే అది దక్కింది. దారి చూపింది పాత వైద్య గ్రంథంలోని ఒక వాక్యం. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అదే ఏడు ఆ బహుమతిలో సగం పంచుకున్నవాళ్లు ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన సూక్ష్మజీవిని జపాన్ మట్టిలో పట్టుకున్నాయనా, దాని గుణాన్ని తేల్చినాయనా. మేము ఇవాళ షాపులో కొనే ఆ డబ్బా మందు పుట్టుక కూడా మట్టే.

తుమ్మకాయ గురించి పెద్దాయన అన్న మాటకు తిరిగి వస్తాం. తుమ్మకాయల్లో, ఆకుల్లో వగరు ఎక్కువ. ఆ వగరును శాస్త్రంలో టానిన్లంటారు. టానిన్లున్న మేత తిన్న గొర్లలో హీమాంకస్ గుడ్లు తగ్గుతాయని అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో లెస్పెడీజా అనే పప్పుజాతి గడ్డి మీద చాలాసార్లు తేలింది. అక్కడ దాన్ని ఎండుగడ్డిగానూ, గుళికలుగానూ మేపుతున్నారు. మన ఇజ్జత్‌నగర్‌లోని భారతీయ పశువైద్య పరిశోధన సంస్థలోనూ వగరు ఆకుల పొడి దాణాలో కలిపి గొర్రెపిల్లలను పరీక్షించారు. వగరు మితిమీరితే మేత ఒంటబట్టదు, ఆ హద్దు ఎక్కడో తెలియాలి. పురుగును చంపే మందు కన్నా పురుగు నిలవనీయని మేత మాలాంటివాళ్లకు ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం. తుమ్మకాయకు కొలత గొట్టం అక్కర్లేదు, కొమ్మ దులిపితే చాలు.

కనుక మా ముఖ్యమైన కోరిక ఇది. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం చేత మోదుగ గింజ, తుమ్మకాయ, వాయువిడంగం ఈ మూడింటినైనా మా మందల్లోనే, మా దొడ్లలోనే రెండు వానాకాలాలు పరీక్ష చేయించండి. ఒక గుంపుకు పెద్దల పద్ధతిలో చెట్టుమందు, ఒక గుంపుకు తూకం ప్రకారం డబ్బా మందు, ఒక గుంపుకు ఏమీ ఇవ్వకుండా. మొదటి రోజున, మళ్లీ పది పద్నాలుగు రోజులకు పెంటికల్లో గుడ్ల లెక్క, దాంతోపాటు గొర్రె బరువు. సూడి గొర్లను మొదటి ఏడాది కలపొద్దు. గింజ మేలో ఏరి సెప్టెంబరులో వాడతాం గనుక నిలవ ఉంటే గుణం తగ్గుతుందేమో చూడాలి. ఏమీ ఇవ్వని గుంపులో కనురెప్ప తెల్లబడ్డ గొర్రెకు వెంటనే మందు తాగించాలి, అయినా పోతే దాని ఖరీదు కట్టివ్వాలి. ఈ చివరి మాట కాగితం మీద రాయించకపోతే మా ఆడవాళ్లు మందను దొడ్డి దాటనివ్వమని ముందే చెప్పారు. ఫలితం ఎట్లా వచ్చినా తెలుగులో, మాకు అర్థమయ్యే మాటల్లో ఊరికి చెప్పాలి. మోదుగ దండగని తేలితే మా పెద్దల ఎదుటే ఆ మాట చెప్పే బాధ్యత మాది.

పెంటికల పరీక్ష ఇంతకన్నా చిన్న కోరిక, ఇంతకన్నా తొందరది. దానికి కావలసినవి ఒక సూక్ష్మదర్శిని, గళ్లున్న మెక్‌మాస్టర్ స్లైడు, చిక్కటి ఉప్పునీళ్లు. ఉప్పునీళ్లలో గుడ్లు పైకి తేలుతాయి, గళ్లలో లెక్కపెడతారు. నేర్చుకున్నవాళ్లకు పావుగంట పని. మండలంలో ఒక్క ఆసుపత్రిలోనైనా వారానికి రెండు రోజులు ఈ పరీక్ష జరిగితే, ఏ మందలో ఏ మందు చచ్చుబడిందో తెలుస్తుంది. ఊరూరా నట్టల నివారణ మందు తాగించే కార్యక్రమం జరిగినప్పుడల్లా ఊరికి పది గొర్లయినా ముందూ వెనకా ఇట్లా పరీక్షించాలని కోరుతున్నాం. చెట్టుమందును నిలదీసే కొలతే డబ్బా మందునూ నిలదీయాలి.

మంద మొత్తానికి ఒకేసారి తాగించే అలవాటు మీదా ఒక మాట. మందలో కొద్ది గొర్లే ఎక్కువ పురుగులను మోస్తాయి, ఎక్కువ గుడ్లను రాలుస్తాయి. దక్షిణాఫ్రికా పశువైద్యులు కనురెప్ప లోపలి రంగును పోల్చి చూసుకునే కార్డు ఒకటి తయారుచేశారు. ఎర్రన నుంచి తెల్లన దాకా ఐదు మెట్లు. తెల్లబడ్డవాటికే మందు, ఎర్రగా ఉన్నవాటికి అక్కర్లేదు. అట్లా వదిలిన గొర్ల కడుపులో మందుకు లొంగే పురుగులు మిగిలి, మొండి పురుగులతో కలిసి వాటి జోరును తగ్గిస్తాయి. అంగడిలో గొర్రెను కొనేటప్పుడు రెప్ప తిప్పి చూడటం మా తాతల నుంచీ ఉన్న అలవాటే. ఆ కార్డును తెలుగులో అచ్చువేయించి కాపరికొకటి ఇప్పించండి, రక్తం తాగే పురుగులకే అది పనికొస్తుందన్న హెచ్చరికతో సహా. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో బంచరాయిలో పిల్లపురుగు దాదాపు మిగలదు. అప్పుడు మందంతటికీ మందు తాగిస్తే మొండి పురుగు ఒక్కటే వంశం నిలుపుకుంటుంది. ఆ నెలల్లో తాగించే ఆనవాయితీని మళ్లీ ఆలోచించమని మనవి.

జలగల సంగతి ఈ కాగితంలో కలపడం లేదు. యాసంగి కోతలయ్యాక కాలువల కింది వరి మళ్లకు మందలు తోలుకుపోయినప్పుడు నత్తల ద్వారా అంటుకునే కార్జపు జలగలకూ, పొట్ట జలగలకూ మా పెద్దల దగ్గరే మందు లేదు. వాటికి డబ్బా మందే గతి. అది వేళకు అందితే చాలు.

2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇతర రాష్ట్రాల నుంచి జీవాలు వచ్చాయి. కొత్త గొర్రెతోపాటు దాని కడుపులోని పురుగులూ, మందులకు లొంగని వాటి మొండితనమూ వస్తాయి. ముందుముందు ఏ పథకం కింద గొర్లు ఇచ్చినా, ఊరి మందలో కలిపే ముందు పెంటికల పరీక్ష తప్పనిసరి చేయండి. ఇంకో మాట కూడా ఇక్కడే. సుందరబన్ చిత్తడి నేలల్లో మేసే గరోల్ గొర్రె హీమాంకస్‌ను బాగా తట్టుకుంటుందని తేలింది. మా నల్ల దక్కని గొర్రెలో ఆ గుణం ఎంతుందో మందలు మిగిలి ఉండగానే చూడమని మనవి. ఒళ్లు చిన్నదని, ఉన్నికి ధర లేదని ఆ జాతిని వదులుకున్నాక పరీక్షించడానికి ఏమీ ఉండదు.

మా పెద్దలు చెప్పింది ఎవరి సొత్తవుతుందన్న భయమూ ఉంది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య సదస్సుకు ప్రపంచ దేశాలు హైదరాబాద్‌కే వచ్చాయి. స్థానికుల జ్ఞానం వాడుకున్నవాళ్లు లాభంలో వాటా ఇవ్వాలన్న మాట అక్కడ గట్టిగానే వినబడింది. మన 2002 జీవవైవిధ్య చట్టంలో ఆ మాట ఉంది, ఊరి స్థాయి యాజమాన్య కమిటీలూ, ప్రజా రిజిస్టర్లూ ఉన్నాయి. 2023 సవరణలో, గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు ఆ వాటా బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. మోదుగ గింజ క్రిమిహరమని ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్నమాట నిజమే. నానబెట్టడం, మరిగించకపోవడం, పరగడుపు, చారెడు, సూడి గొర్రెకు కూడదనడం మా పెద్దల నోట ఉన్నవి. పరీక్ష మొదలుపెట్టే ముందే ఆ వివరం మా ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో చెప్పినవాళ్ల అనుమతితో ఎక్కించాలి. రేపు ఏ కంపెనీ అయినా మోదుగ డబ్బా అమ్మితే మేము దాన్ని కొనుక్కోవలసిన గతి రాకూడదు. 1940 ఔషధ చట్టంలో ఆయుర్వేద మందు అంటే మనుషులకే కాక జంతువులకు కూడా అని రాసి ఉంది గనుక, అట్లాంటి డబ్బా రేపో మాపో వస్తుందనే మా అనుమానం.

చివరిగా చెట్ల గురించి. పరీక్షలో మోదుగ నెగ్గినా, చెట్టు లేకపోతే మందు ఎక్కడిది? మా బంచరాయిలో సగం ఇప్పుడు ప్లాట్ల రాళ్లు, మిగతా సగం సర్కారు తుమ్మ. నర్సరీల్లో పెంచే మొక్కల్లో మోదుగ, నల్లతుమ్మ, వేప ఎక్కువగా పెంచి మేతభూముల గట్ల మీద నాటించండి. కాపలా మేమే ఉంటాం. గొర్రె తింటుందని భయపడొద్దు, మొదటి మూడేళ్లు ముళ్ల కంప కట్టడం మాకు చేతనవును.

ఈ కోరికల్లో ఏవి మీ చేతిలో ఉన్నాయో, ఏవి విశ్వవిద్యాలయానివో, ఏవి అటవీ శాఖవో మాకు విడమరచి తెలియదు. ఆయా చోట్లకు పంపి, మృగశిర కార్తెకు ముందే ఒక జవాబు ఇప్పించమని ప్రార్థిస్తున్నాం. పరీక్ష ఈ వానాకాలమే మొదలుకావాలంటే గింజ ఇప్పుడే ఏరాలి.

ఇట్లు,
తమ విధేయులు,
సంఘం అధ్యక్షులు, కార్యదర్శి, సభ్యులు
(సంతకాలు, వేలిముద్రలు వెనక పేజీలో)

జతపరచినవి: నలుగురు పెద్దలు చెప్పిన మందుల వివరం, వాళ్ల మాటల్లోనే, తొమ్మిది పేజీలు. మోదుగ గింజలు కిలో, పొట్టుతో. ఒక చారెడు తూకం వేసిన పొట్లం, మీ తక్కెడలో సరిచూసుకోవడానికి. పన్నెండు గొర్ల పెంటికలు, విడివిడి కవర్లలో, ఐసు డబ్బాలో. ఇవి ఈరోజు తెల్లవారుజామున తీసినవి, ఐసు కరిగేలోగా ఎవరి చేతనైనా చూపించగలరు.